తొమ్మిదో శుక్రవారం పువ్వు

దగ్గరగా జరగండమ్మా. ఆ హీటరు మీ వైపు తిప్పుకోండి, కాళ్లకి చలేస్తే ఈ దుప్పటి కప్పుకోండి. చెవి మాత్రం ఇటు పెట్టండి. ఈ సంగతి పోయిన వారం దాకా ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకీ చెప్పలేదు, కడుపున పుట్టిన కూతురికీ చెప్పలేదు. నేను పెద్దగా చదువుకున్నదాన్ని కాదు. నా తెలుగు అక్షరాలు మా నాయనమ్మ పళ్లెంలో బియ్యం పోసి దిద్దించినవి. ఇంగ్లీషు ఈ ఆస్ట్రేలియా బళ్లో వెనక వరసలో కూచుంటే చెవిన పడినంతే. కానీ జ్ఞాపకం మాత్రం దేవుడు దండిగా ఇచ్చాడు. కాస్త తక్కువ ఇచ్చినా బాగుండేదని ఒక్కోసారి అనిపిస్తుంది.

పోయిన శనివారం నా మనవరాలు నన్ను లైబ్రరీకి లాక్కెళ్లింది. మేముండేది పెర్త్‌లో, పియారా వాటర్స్‌లో. మనం ఉంటున్న చోట ఇళ్లు కట్టకముందు ఏముండేదో కనుక్కుని రాసుకు రమ్మని వాళ్ల టీచరు చెప్పిందట. లైబ్రరీలో ఒక గోడ నిండా పాత బొమ్మలు వరసగా తగిలించారు. పిల్ల ముందు నడుస్తోంది, నేను చేతిసంచీ సర్దుకుంటూ వెనక. మూడో బొమ్మ దగ్గర ఆగిపోయాను.

ఒకే ఒక్క పువ్వు, ఆరు రేకులు. అందులో రెండు రేకులకే రంగుంది. ఊదా మీద ఎర్ర చుక్కలు, అంచున పసుపు. మిగతా నాలుగూ వట్టి పెన్సిలు గీతలు. కింద మెలితిరిగిన ఆకు.

"అమ్మమ్మా, షీ డిడింట్ ఫినిష్ ఇట్. వై?" అంది మనవరాలు.

నేను అక్కడున్న కుర్చీ లాక్కుని కూచున్నాను. ఎందుకు పూర్తిచెయ్యలేదో నాకు తెలుసు. ఇంకా బతికున్న వాళ్లలో నాకొక్కదానికే తెలుసు.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. నాన్న ఆస్పత్రిలో డాక్టరు. ఈ దేశానికి వచ్చిన కొత్త. తెలుగు మాట చెవిన పడాలంటే నెలకోసారి గంటసేపు కారులో పోవాల్సిన రోజులవి. ఇప్పుడు రెండేసి కార్ల గ్యారేజీలు, మన సరుకుల కొట్లు, రౌండబౌట్ కూడళ్లు ఉన్న ఈ నేలంతా అప్పుడు చిత్తడి. ఇసుక, నల్లటి నీళ్లు, కాగితాల్లా బెరడు ఊడే చెట్లు, సాయంత్రమైతే చెవులు గింగుర్లెత్తించే కప్పలు. వాన వెలిశాక తడిసిన బెరడు వాసన, దూరాన పశువుల పాకల వాసన కలిసి వచ్చేవి. ఆ చిత్తడి అంచున రెండే ఇళ్లు. ఒకటి మేం అద్దెకున్నది, రెండోది ఒంటరిగా ఉండే ఒక తెల్ల ముసలావిడది, మేం దొరసానమ్మ అనేవాళ్లం.

మా నాయనమ్మ గోదావరి మనిషి. ఇంగువ డబ్బా, దేవుళ్ల పటాలు, కుంకుమ భరిణె పట్టుకుని విమానమెక్కి వచ్చింది. ఇక్కడ మామిడికాయ దొరక్కపోతే ఆకుపచ్చ యాపిల్ తురిమి, ఆవాలు నూరి, పచ్చడి పెట్టేది. మొదటి ముద్ద తిన్నాక నాన్న రెండోసారి అన్నం పెట్టించుకునేవాడు. కరివేపాకు లేదని ఆవిడ తిట్టని రోజు లేదు. తిట్టడానికి మనుషులు తక్కువై ఈ దేశపు ఎండనీ గాలినీ కూడా తిట్టేది.

అమ్మకి అంతకు ముందు రెండు కాన్పులు నిలవలేదు. ఆ చలికాలం మళ్లీ ఆశ కలిగింది. నాయనమ్మ మొక్కుకుంది. తొమ్మిది శుక్రవారాలు అమ్మవారికి పూజ, వారానికో పువ్వు, ఒకసారి పెట్టిన రకం మళ్లీ పెట్టకూడదు. ఊళ్లో అయితే పెరట్లోనే పద్దెనిమిది రకాలు దొరికేవి. ఇక్కడ మా వాకిట్లో గడ్డి తప్ప ఏమీ లేదు. ఆవిడకా మోకాళ్ల నెప్పి, వరండా మెట్లు దిగదు. అందుకని పువ్వు తెచ్చే పని నాకు పడింది. దానికో నియమం. పొద్దున్నే తలకి పోసుకోవాలి, ఏమీ తినకుండా వెళ్లాలి, కాళ్లకి చెప్పులు ఉండకూడదు. పూజ పువ్వు చెప్పులతో కొయ్యకూడదు. ఇక్కడి చలికాలపు పొద్దున ఆ ఇసుక మీద వట్టి కాళ్లతో నడిచి చూడండి, ఎముకల్లోకి పాకుతుంది చలి.

మొదటి శుక్రవారమే దొరసానమ్మ కనబడింది. పడి ఉంది అనాలి. గోనెసంచీ మీద బోర్లా, మగవాళ్ల ప్యాంటు, రబ్బరు బూట్లు, తెల్లజుట్టు. శవమనుకుని కెవ్వుమన్నాను. శవం తలెత్తి ష్ అంది. ఆవిడ ముక్కు దగ్గర గోరంత పువ్వుంది. దాన్ని భూతద్దంతో చూస్తూ కాగితం మీద గీస్తోంది. నా చేతిలో విరిచిన కొమ్మ చూసి లేచి కూచుంది. కోప్పడింది. నాకు సగం అర్థమైంది. నేను వచ్చీరాని ఇంగ్లీషులో దేవుడు, అమ్మ, బేబీ, తొమ్మిది అని వేళ్లు చూపించాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఒక దిబ్బ దగ్గరకి తీసుకెళ్లింది. తుమ్మపువ్వుకి చుట్టంలా పచ్చగా వందల కొద్దీ పూసింది అక్కడ. వంద ఉన్నచోట ఒకటి తీసుకో, ఒకటే ఉన్నచోట ముట్టుకోకు అంది. అలా ప్రతి శుక్రవారం నాకు పువ్వు చూపించింది ఆవిడే. మా మొక్కుకి ఎనిమిది పువ్వులు ఆవిడ చేతి చలవే.

బడి అయ్యాక ఆవిడ దగ్గరికే పరిగెత్తేదాన్ని. వాళ్లది స్కాట్లాండు. ఇంగ్లండు నెత్తి మీద ఉంటుందని, ఆ మాట ఇంగ్లండువాళ్ల ముందు అనకూడదని నాకు నేర్పింది. పొద్దున్నే ఓట్సు గంజి ఉప్పేసుకుని తాగేది. ఆ సంగతి చెబితే నాయనమ్మ "ఇంత తెల్లగా ఉండీ గంజేనా పాపం" అని ఒక సీసా యాపిల్ పచ్చడి పంపింది. దొరసానమ్మ చెంచాతో నోట్లో వేసుకుని, కళ్లంట నీళ్లు కారుతుంటే, సీసా మాత్రం తిరిగివ్వలేదు. ఓట్సుతో గట్టి రొట్టెలు కూడా చేసేది. అందులో ఏ కొవ్వు పోస్తారో అని నాయనమ్మ వద్దంది. నేను పెన్సిలు పెట్టెలో దాచుకుని తినేసేదాన్ని. ఇంట్లో ఎప్పుడైనా చిత్తడిలో ఏముంటాయని అడిగితే ఆవిడ చెప్పిన పేర్లు ఒప్పజెప్పేదాన్ని. బాండికూట్ అన్నప్పుడు నాయనమ్మ పడీపడీ నవ్వింది. మన పందికొక్కుని తీసుకొచ్చి ఈ దేశంలో ఇంకో జంతువుకి అంటగట్టారన్నమాట అంది.

ఒక్క విషయం మాత్రం నాయనమ్మకి చెప్పలేదు. దొరసానమ్మ కుంచె కొస నోట్లో పెట్టుకుని మొన చేసేది. తెలిస్తే, ఎంగిలి రంగులతో పువ్వులా అని నాయనమ్మ నన్ను ఆ గడప తొక్కనిచ్చేది కాదు.

బొమ్మ ఎలా వేసేదంటే, పువ్వుని కోసేది కాదు. అదెక్కడుంటే అక్కడే పడుకునేది. గడ్డిపోచతో రేకు కొలిచేది. కాగితం పక్కన టైమెంతో, ఎండెలా ఉందో, గాలి ఎటు నుంచి వస్తోందో రాసేది. వెలుగు మారితే ఆపేసేది. కోసుకుని ఇంటికెళ్లి హాయిగా బల్ల దగ్గర వేసుకోవచ్చుగా అని అడిగాను. అప్పుడు చెప్పింది. వాళ్ల నాన్న స్కాట్లాండులో దొరల అడవికి కాపలావాడు. కాల్చిన పిట్టల్ని కొట్టంలో తగిలించేవాళ్లు. చచ్చిన పిట్ట కదలదు గనక చిన్నప్పుడు వాటినే గీస్తూ బొమ్మలు నేర్చుకుందట. ఒకరోజు సగం బొమ్మ అయ్యేసరికి బల్ల మీది పిట్ట కన్ను తెరిచి ఆవిణ్ణి చూసిందట. చూసి, మూసిందట. ఆ బొమ్మ పూర్తిచెయ్యలేదు. చంపిందీ, కోసిందీ ఏదీ ఇక గియ్యనని ఆరోజే ఒట్టు పెట్టుకుంది. ఓడెక్కి ఇక్కడికొచ్చి, నగరంలో మ్యూజియంకి బొమ్మలు పంపుతూ, నలభై ఏళ్లుగా ఆ చిత్తడి ఒక్కటే గీస్తోంది. ఈ పూలకి మొదట పేర్లు పెట్టిన ఆదివాసుల్ని ఇక్కణ్ణుంచి ఎప్పుడో వెళ్లగొట్టేశారు, నేను పెట్టే పేర్లు ఉత్త అద్దె పేర్లు అని ఓసారి అంది. అప్పుడు నాకా మాట అర్థం కాలేదు.

నేల చదవడం కూడా నేర్పింది. తడి ఇసుక మీద ఏ జంతువు అడుగు కనబడినా పక్కనే పడుకుని, ఉన్నది ఉన్నంత సైజులో గీసేది. క్యాంగరూ తోక ఈడ్చిన గీత, పందికొక్కు చుట్టం గోళ్లు, కొంగ మూడు వేళ్లు. మనిషి నోరు ఏమైనా చెబుతుంది, కాలు అబద్ధం చెప్పదు అనేది.

ఆవిడ కళ్లలో శుక్లాలు. నాన్న ఒకసారి చూసి, వెంటనే ఆపరేషన్ చేయించుకోవాలన్నాడు. ఆవిడ ఈ చలికాలం వెళ్లనీ అంది. ఎందుకో ఎనిమిదో వారం నాకు చూపించింది. బెరడు ఊడే చెట్టు వెనక, పుల్లలు గుండ్రంగా గుచ్చి కట్టిన కంచెలో, జడలా మెలితిరిగిన ఒక ఆకు, దాని పక్కన ఒక మొగ్గ. ఏడు చలికాలాలుగా ఆ ఆకు వస్తోంది, మొగ్గ రావడం ఇదే మొదలట. ఏదో పాతకాలపు రాణి పేరుంది దానికి. బాగా ఎండ కాస్తేనే విచ్చుకుంటుంది, మబ్బు పడితే ముడుచుకుంటుంది. ఈ చిత్తడిలో పూసేవన్నీ గీశాను, ఇదొక్కటే మిగిలింది, నా చూపు దీనికోసమే ఆగింది అని పెదాల మీద వేలు పెట్టింది. నేనూ పెట్టుకున్నాను.

తొమ్మిదో వారం నాలుగు రోజులు ఒకటే వాన. గురువారం ఎండ వచ్చింది. సాయంత్రం నేను బడి నుంచి వస్తుంటే దొరసానమ్మ కంచె దగ్గరకి చిన్నపిల్లలా పరిగెత్తుకొచ్చింది. రాణి విచ్చుకుందట. గీతలన్నీ గీసేసి రెండు రేకులకి రంగు వేసేసరికి మబ్బు కమ్మిందట. రేపు ఎండ కాస్తుంది, రేపు మధ్యాహ్నానికి అయిపోతుంది అని నా రెండు బుగ్గలూ పట్టుకుంది. వేళ్లకి ఊదారంగు. ఆ సంతోషంలో నా శుక్రవారం సంగతి ఆవిడ మర్చిపోయింది. నేను గుర్తు చెయ్యలేదు, పొద్దున అడుగుదాంలే అనుకున్నాను.

ఆ సాయంత్రమే అమ్మకి రక్తం కనబడింది. నాన్న అమ్మని చేతుల మీద ఎత్తుకుని కార్లో పడుకోబెట్టి ఆస్పత్రికి తీసుకెళ్లాడు. వరండాలో అమ్మ చెప్పులు అలాగే ఉండిపోయాయి. నాయనమ్మ పటాల ముందు కూచుని లేవలేదు. నన్ను పిలిచి ఒకటే మాట అంది.

"రేపటితో తొమ్మిది నిండుతాయే. తల్లీ, ఒక్క పువ్వు. దానిమీదే ఉంది మీ అమ్మ."

తెల్లారకుండానే తలకి పోసుకున్నాను. తడిజుట్టుతో, వట్టి కాళ్లతో వెళ్లాను. దొరసానమ్మ ఇంట్లో ఇంకా దీపం వెలగలేదు. నిజం చెప్పాలి కదా, మీ ముందు కూచుని అబద్ధమెందుకు. వెతికితే ఇంకో పువ్వు దొరికేదేమో. నేను వెతకలేదు. దేవుడికి పెట్టేది అన్నిటికంటే మంచిది అయ్యుండాలని మా ఇంట్లో నేర్పారు. పూసిందంటే పూజకే పూసిందని నేర్పారు. అంతకంటే మంచి పువ్వు ఆ చిత్తడిలో లేదని నాకు నేర్పింది దొరసానమ్మ. నేరుగా బెరడు చెట్టు వెనక్కి వెళ్లాను. పుల్లల కంచె దాటి కాలు పెట్టాను. ఇసుక మెత్తగా దిగింది. రాణి ముడుచుకుని ఉంది. గిల్లాను. చిన్న శబ్దం వచ్చింది, వేలు విరిచినట్టు.

నాయనమ్మ ఏ పువ్వని అడగలేదు. పసుపు నీళ్లు చిలకరించి కలశం మీద పెట్టింది. దీపాలు వెలిగించి చదువుకుంటుంటే, ఆ వేడికి కాబోలు, రేకులు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. నాయనమ్మ చదవడం ఆపేసింది. అమ్మవారు కళ్లు తెరిచిందే అని నా తల నేలకి ఆనించింది. నాకు మాత్రం బల్ల మీది పిట్ట గుర్తొచ్చింది. హారతి ఇస్తుండగా ఫోను మోగింది. నాన్న. రక్తం ఆగింది, లోపల బిడ్డ బాగానే ఉంది, భయం లేదు. నాయనమ్మ ఫోను పట్టుకుని ఏడ్చింది. ఇల్లంతా కర్పూరం, నెయ్యి, పరమాన్నం వాసన.

పదకొండు దాటాక వంటింటి తలుపు దగ్గర దొరసానమ్మ. అంతకు ముందెప్పుడూ మా ఇంటికి రాలేదు. ప్యాంటు మోకాళ్ల మీద తడి ఇసుక. బూట్లు విప్పి బయట పెట్టింది, అది మా అలవాటని నేను చెప్పినది గుర్తుపెట్టుకుని. ఏదో అడగబోయి, పూజగదిలో కలశం చూసింది. మసకగా కనిపించిందేమో, రెండడుగులు ముందుకేసి వంగింది. పసుపు చుక్కలు పడ్డ ఆరు రేకులూ విప్పారి ఆవిడకేసి చూస్తున్నాయి.

నాయనమ్మ ఆవిడ మొహం చూసింది, నా మొహం చూసింది. చదువు లేదు గానీ మా నాయనమ్మకి మొహాలు చదవడం వచ్చు.

"ఏవే, ఇది ఆవిడదా?"

తలూపాను.

"నేను కోశానని చెప్పు."

ఆ ఇద్దరికీ మధ్య మాట నాదే. ఒకరి మాట ఇంకొకరికి చేరాలంటే నా నోటి మీదుగానే వెళ్లాలి. ఆరోజు ఆ అబద్ధం కూడా నా నోటి మీదుగానే వెళ్లింది. మా నాయనమ్మ కోసిందట, తెలియక కోసిందట అన్నాను. దొరసానమ్మ నాయనమ్మ కాళ్ల వైపు చూసింది. వాచిన మోకాళ్లు, మెట్టు దిగని పాదాలు. తర్వాత తల ఇంకా కిందికి దించింది. నా కాళ్లకి ఇసుక ఇంకా వదల్లేదు. నా కుడికాలి చిటికెన వేలు పక్క వేలి మీదికి ఎక్కి ఉంటుంది, పుట్టుకతోనే. బస్సులో చోటు దొరకనట్టు ఎక్కి కూచుందని నాయనమ్మ వెక్కిరించేది. నేను ఆ కాలు రెండో కాలి వెనక దాచుకున్నాను.

"మీ అమ్మ ఎలా ఉంది?" అని అడిగింది ఆవిడ.

బాగుంది అన్నాను. ఆ ఒక్కటే నిజం చెప్పాను.

నాయనమ్మ కలశం మీద పువ్వు తీసి, రెండు చేతుల్లో పెట్టుకుని ఆవిడకి ఇవ్వబోయింది. దేవుడి మీది పువ్వు అలా ఇంకొకరికి తీసివ్వడం ఆవిడ జన్మలో చెయ్యలేదు. తీసుకుంటే మిగిలిన నాలుగు రేకులు అరగంట పని. కళ్లెదుట విచ్చుకుని ఉంది, కిటికీలోంచి ఎండ పడుతోంది. దొరసానమ్మ తల అడ్డంగా ఊపింది. పరమాన్నం పెడితే నిలబడే మొత్తం తింది. గిన్నె కడిగి బోర్లించింది. బూట్లు తొడుక్కుని వెళ్లిపోయింది.

నాయనమ్మ ఆ పువ్వుని అలాగే పట్టుకుని కూచుంది. దొరసానమ్మ ఒట్టు సంగతి అప్పుడు చెప్పాను. విని, "ఆవిడదీ మొక్కేనే. మన మొక్కు కోసం ఆవిడ మొక్కు మంట్లో కలిపాం" అంది. ఆ తర్వాత ఆ మాట మా ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

నేను ఆవిడ ఇంటికి వెళ్లడం మానేశాను. చెప్పేద్దామని రోజూ కంచె దాకా వెళ్లేదాన్ని, వెనక్కొచ్చేసేదాన్ని. తమ్ముడు పుట్టాడు. బొద్దుగా, నల్లగా, గొంతు చించుకుంటూ. ఆ మర్నాడు మా కంచె గుంజ మీద ఒక రేకు డబ్బా ఉంది. నిండా ఓట్సు రొట్టెలు. ఈసారి నాయనమ్మ ఏ కొవ్వని అడగలేదు, తనే ముందు విరుచుకుని తింది. మరుసటి చలికాలం చెట్టు వెనక మెలిక ఆకు వచ్చింది గానీ మొగ్గ రాలేదు. దొరసానమ్మ కర్రతో తడుముకుంటూ వచ్చి దాని పక్కన కూచోవడం మా వరండాలోంచి కనబడేది. ఆపరేషన్ చేయించుకుంది కానీ ఆలస్యమైపోయింది, వెలుగూ నీడా తప్ప తెలిసేది కాదట. నగరం నుంచి ఎవరో చుట్టాలు వచ్చి తీసుకెళ్లారు. నాన్నకి వేరే ఊరికి బదిలీ అయింది. కారు కదులుతుంటే వెనక్కి చూశాను. ఆ ఇంటి కిటికీకి అట్టలు కొట్టేశారు.

తమ్ముడు ఇప్పుడు మెల్‌బోర్న్‌లో, టార్నీట్‌లో ఉంటున్నాడు, మనవల్ని ఎత్తుకున్నాడు. వాడు ఫోనులో నవ్వినప్పుడల్లా ఆ చిన్న శబ్దం నా చెవిలో వినిపిస్తుంది. వేలు విరిచినట్టు.

నా కూతురూ అల్లుడూ ఇక్కడ ఇల్లు కొన్నారంటే వచ్చాను. వచ్చిన రోజు ఏమీ పోల్చుకోలేదు. సాయంత్రం నడకకి వెళ్తే పార్కులో ఒకే ఒక్క బెరడు చెట్టు, చుట్టూ పచ్చిక, పక్కన సిమెంటు గట్టుతో చెరువు. చెట్టుకి చెయ్యి ఆనించాక తెలిసింది. చిత్తడిని పాతిపెట్టి దాని మీదే మమ్మల్ని కాపురం పెట్టించారు. వాన పడితే మురుగు కాలువ మూతల కింద నుంచి కప్పలు అరుస్తాయి. అల్లుడు పైపులో గాలి అంటాడు. పచ్చిక మీద నీళ్లు చిమ్మే వేళ, చూపు చివర ఎవరో బోర్లా పడుకున్నట్టు ఉంటుంది. తల తిప్పితే ఉండరు. అయినా నేను ఆ పచ్చిక మీద కాలు పెట్టను, చుట్టూ తిరిగి వెళ్తాను. మోకాళ్ల నెప్పి పెట్టుకుని చుట్టుదారి ఎందుకమ్మా అని కూతురు కేకలేస్తుంది.

ఇదంతా ఆ లైబ్రరీ కుర్చీలో కూచుంటే ఒక్కసారిగా వచ్చి మీద పడింది. మనవరాలు మాత్రం బొమ్మకి ముక్కు ఆనించి చూస్తోంది. కింద ఏదో రాసుంది అమ్మమ్మా అని చదివి, నాకోసం తెలుగు చెయ్యడానికి తంటాలు పడింది. శుక్రవారం. పదకొండు గంటలు. మంచి ఎండ, గాలి లేదు. పువ్వు లేదు. దాని కింద ఇంకో చిన్న వాక్యం, అది తర్వాత రాసినట్టు వంకరగా ఉంది. తల్లి బాగుందని తెలిసింది.

"అండ్ దేరీజ్ ఎ ఫుట్," అంది.

లేచి వెళ్లాను. కళ్లజోడు పెట్టుకున్నాను. కాగితం అడుగున పెన్సిలుతో పిల్ల పాదం గుర్తు. ఉన్నది ఉన్నంత సైజులో, పందికొక్కుదీ కొంగదీ గీసినట్టే, అంచు దగ్గర ఇసుక ఎలా విరిగిందో కూడా వదలకుండా. కుడికాలు. చిటికెన వేలు పక్క వేలి మీదికి ఎక్కి ఉంది.

ఆవిడ మా వంటింటి తలుపు కొట్టకముందే గీసింది దాన్ని. అన్నీ తెలిసే వచ్చింది. తెలిసే, నా నోట్లోంచి వచ్చిన అబద్ధం విని, మీ అమ్మ ఎలా ఉందని అడిగింది. కోసిందాన్ని గియ్యనన్న మనిషి, కోసినవాళ్ల కాలుని ఒక్క గీత తప్పు పోకుండా గీసి దాచుకుంది. నేనేమో జీవితమంతా ఆ కాలు దాచుకుంటూ తిరిగాను.

మనవరాలు నన్ను చూసింది, బొమ్మని చూసింది. బూటు విప్పింది, మేజోడు లాగేసింది. ఆ చల్లటి నేల మీద తన కుడిపాదం పెట్టి వేళ్లు విప్పింది.

"అమ్మమ్మా, దట్స్ మై టో."

అవునే, మనదే, అన్నాను. ఇంటికొచ్చాక దాన్ని పక్కన కూచోబెట్టుకుని మొదటిసారి మొత్తం చెప్పాను. మీకు రెండోసారి.

ఓపిగ్గా కూచుని విన్నారు, మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ గడపలో తిరిగే చిన్న పాదాలు ఎంత దూరం నడిచినా క్షేమంగా తిరిగి రావాలి. అవి తెలియక తొక్కిన చోట, తిట్టకుండా వంగి గుర్తుపట్టే పెద్ద మనసు ఒకటి మీ పక్కింట్లో ఎప్పుడూ ఉండాలి.